నలుగురిలో అన్న మాట

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాకు 28 ఏళ్లు. రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నాను. రెండు నెలల కిందట పాస్టరు గారు ఊరెళుతూ ఆ ఆదివారం నన్ను వాక్యం చెప్పమన్నారు. వారమంతా సిద్ధపడి ముప్పావుగంట చెప్పాను. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరూ చెప్పులు వేసుకుంటుంటే మా సంఘ పెద్ద, చిన్నప్పుడు మా బడికి హెడ్‌మాస్టరుగా చేసినాయన, "ఒరే అబ్బాయ్, ముప్పావుగంటలో వాక్యం ఐదు నిమిషాలే ఉంది, మిగతాదంతా నీ కథే" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా అమ్మ అక్కడే ఉంది. ఆ రోజు నుంచి సండే స్కూలు మానేశాను. ఆరాధనకు ఆలస్యంగా వెళ్లి వెనక నిలబడి, ఆశీర్వాదానికి ముందే వచ్చేస్తున్నాను.

ఇంకో సంగతి. మా పాస్టరు గారు ప్రతి నెలా మొదటి ఆదివారం కానుకలిచ్చినవాళ్ల పేర్లు, ఎంతిచ్చారో మైకులో చదువుతారు. ఎక్కువ ఇచ్చినవాళ్లను లేపి చప్పట్లు కొట్టిస్తారు. యాభై, వంద ఇచ్చినవాళ్లు తల దించుకుంటారు. పోయిన నెల మా అమ్మ కానుక కోసం అప్పు చేసింది. దీని గురించి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడదామని పెద్ద మెసేజి రాసి ఉంచాను. అమ్మేమో "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటోంది. క్రైస్తవుడు విమర్శను ఎలా తీసుకోవాలి? ఎలా చెప్పాలి? నా పేరు వేయకండి.

సమాధానం: బాబూ, వందనాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మాస్టారి మీద కోపం వచ్చింది. రెండోసారి మీ అమ్మ చేసిన అప్పు దగ్గర కళ్లు తడిశాయి. మూడోసారి నువ్వు రాసి ఉంచిన ఆ మెసేజి దగ్గర ఆగిపోయాను. గుమ్మం దగ్గర మాస్టారు నీకు చేసిన పనే గ్రూపులో పాస్టరు గారికి చేయడానికి నువ్వు సిద్ధంగా ఉన్నావు. ఆ మెసేజి పంపకు. చెరిపేయమని కూడా అనను. కాగితం మీద రాసుకుని బైబిల్లో పెట్టుకో, దానితో తర్వాత పని ఉంది.

నీకు బుద్ధులు చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పెళ్లయి, పాస్టరు గారి భార్యగా ఒక పల్లెటూరి సంఘానికి వచ్చిన కొత్త. శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన నేనే నడిపించేదాన్ని. అందులో ఒకావిడ ఉండేది. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పావుగంట, ఇరవై నిమిషాలు. పిల్లల తల్లులు అటూ ఇటూ కదిలేవాళ్లు. ఒక శుక్రవారం అందరి ముందూ అన్నాను: "అక్కా, కొంచెం క్లుప్తంగా చేయండి, మిగతావాళ్లకు కూడా దేవుడితో మాట్లాడాలని ఉంటుంది." ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఆవిడ ఏమీ అనలేదు. ప్రార్థన చేయలేదు. ఆ తర్వాత నెలల తరబడి వచ్చి కూర్చునేది గాని నోరు విప్పలేదు.

చాలా రోజులకు ఇంకొకరి ద్వారా తెలిసింది, ఆ ఇంట్లో ఆవిడ మాట వినే మనిషే లేడని. వారమంతటికీ ఆవిడ గొంతు బయటికొచ్చేది ఆ శుక్రవారమే. నేను చెప్పిన సంగతి తప్పు కాదు, ప్రార్థన నిజంగానే పొడుగు. కానీ నేను ఆవిడకున్న ఒక్క కిటికీ మూసేశాను. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ ఆ పక్కనే కూర్చుని కాసేపు ఒలిచి, "అక్కా, ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను. ఆవిడ చేట వైపే చూస్తూ, "నువ్వన్నదాంట్లో తప్పు లేదమ్మా. నలుగురిలో అన్నావు చూడు" అంది.

ముప్పై ఏళ్లు దాటింది, ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పుడు నీకు జరిగింది కూడా అదే. మాస్టారు అన్న విషయం వేరు, అన్న తీరు వేరు. రెండూ కలిసే నీ గుండెలో దిగాయి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తోంది. వాటిని విడదీయడం కష్టమే. అయినా విడదీయాలి.

తీరు సంగతి త్వరగా తేల్చేస్తాను. ఆయన చేసింది తప్పు. మొదటిసారి వాక్యం చెప్పిన కుర్రవాణ్ణి, తల్లి చూస్తుండగా, చెప్పులు వేసుకునే చోట పట్టుకుని అలా అనకూడదు. ఆయన బళ్లో దశాబ్దాలు తప్పులు దిద్దిన మనిషి. నిన్ను ఇంకా నాలుగో తరగతి పిల్లాడిగానే చూసి ఉంటారు. అది కారణం కావచ్చు గాని సమర్థన కాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు మన పెద్దలు. నోటిలోంచి వచ్చే మాట విషయంలో యాకోబు పత్రిక అంతకన్నా గట్టిగా చెబుతుంది.

ఇక విషయం. ఆయన అన్నది నిజమా? ఇది నీకు, ప్రభువుకు మధ్య ఉన్న ప్రశ్న. ఆ రోజు నువ్వు రాసుకున్న నోట్సు ఉండే ఉంటుంది. తీసి, తలుపు వేసుకుని, ఒక్కసారి చదువు. ఎన్ని వచనాలు విప్పి చెప్పావు? నీ ఉద్యోగం, నీ కష్టం, దేవుడు నిన్నెలా తప్పించాడో ఎంతసేపు చెప్పావు? మన సంఘాల్లో కొత్తగా వాక్యం చెప్పేవాళ్లు చాలామంది సాక్ష్యాన్నీ వాక్యాన్నీ కలిపేస్తారు. సాక్ష్యం మంచిదే, దానికి వేరే సమయం ఉంది. పొలం పని, చెరువు పని చేసి వచ్చిన మనిషి ఆదివారం దేవుని మాట తీసుకెళదామని వస్తాడు. నీ లెక్కలో ఐదు నిమిషాలు కాక పదిహేను తేలినా, మాస్టారు చూపించిన చోట ఏదో ఉన్నట్టే.

చదివాక, అందులో నిజం లేదని తేలితే? అప్పుడు ఆ మాట మోయాల్సిన పని నీకు లేదు, దించేయి. మనసులో ఎదురు వాదనలు కట్టుకుంటూ రాత్రులు గడపకు.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో ఉన్నాడు. అలెక్సంద్రియ వాడు, విద్వాంసుడు, లేఖనాల్లో గట్టివాడు. ఎఫెసులో సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. కానీ అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. వింటున్నవాళ్లలో ప్రిస్కిల్ల, అకుల ఉన్నారు. డేరాలు కుట్టుకుని బతికే దంపతులు, రోమా నుంచి వెళ్లగొట్టబడి వచ్చినవాళ్లు. అతని మాటల్లో లోటు వాళ్లకు తెలిసింది. అక్కడ లేచి నిలబడలేదు, గుమ్మం దగ్గర ఆపలేదు. మన తెలుగు బైబిల్లో ఎంత బాగా ఉందో చూడు: "అతనిని చేర్చుకొని" దేవుని మార్గం మరింత పూర్తిగా విశదపరిచారు. ముందు చేర్చుకోవడం, తర్వాత చెప్పడం. నాకు ఈ ఒక్క మాట మీద ఎంతసేపైనా మాట్లాడాలనిపిస్తుంది. మాస్టారు మొదటి సగం వదిలేశారు, నీ దుఃఖమంతా అక్కడే ఉంది.

అయితే అపొల్లో వైపు కూడా చూడు. అంత చదువుకున్నవాడు. దిద్దినవాళ్లు చేతిపని చేసుకునేవాళ్లు, అందులో ఒకరు స్త్రీ. అతను అలిగాడని ఎక్కడా లేదు. తర్వాతి వచనంలోనే అకయకు వెళ్లాలనుకుంటాడు, సహోదరులు అతని కోసం ఉత్తరం రాసిస్తారు, అక్కడి విశ్వాసులకు అతను చాలా సాయపడతాడు. దిద్దుబాటు అయ్యాక అతని పరిచర్య ఆగలేదు, పెరిగింది. నీది రెండు నెలలుగా ఆగిపోయింది. బాబూ, సండే స్కూలు పిల్లలు నీకేం అపకారం చేశారు? నిన్ను నొప్పించినది ఒక పెద్దాయన, శిక్ష పడుతున్నది ఆ పిల్లలకు. వచ్చే ఆదివారమే వెళ్లు. మనసు కుదుటపడ్డాక వెళతాను అనకు.

దెబ్బ తగిలినప్పుడు మన విశ్వాసుల నోట కొన్ని మాటలు వస్తుంటాయి. "ప్రభువే చూసుకుంటాడు." "నేను మనుషుల మెప్పు కోసం చేయడం లేదు." వినడానికి భక్తిగా ఉంటాయి. చాలాసార్లు అవి తలుపు వేసేసిన చప్పుడు మాత్రమే. నీ ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ లేదు, అందుకే నీ మీద నాకు ఆశ. నొచ్చుకున్నానని సూటిగా రాశావు. ఆ మాటే మాస్టారి దగ్గర కూడా చెప్పవచ్చు. "సార్, ఆ రోజు అందరి ముందూ అనేసరికి చాలా బాధ కలిగింది, అమ్మ కూడా ఉంది" అను. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, వృద్ధుణ్ణి గద్దించకుండా తండ్రిగా భావించి హెచ్చరించమని ఉంది. తండ్రితో బాధ చెప్పుకోవడం అమర్యాద కాదు. కానీ అది రెండో మాటగా రావాలి. మొదటి మాట ఏమిటో చివర్లో చెబుతాను.

ఇప్పుడు పాస్టరు గారి సంగతికి వద్దాం. ఇది మాస్టారి సంగతి కంటే బరువైనది, దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

ముందుగా, మీ అమ్మ చెప్పిన మాట. "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అన్నది 105వ కీర్తనలోది. అక్కడ మాట్లాడుతున్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు గురించి. కొద్దిమందిగా, పరదేశులుగా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరుగుతున్నవాళ్లకు రాజులు హాని చేయకుండా దేవుడు కాపాడాడని ఆ కీర్తన సారం. సంఘంలో ఒక పద్ధతి బాగాలేదని వినయంగా చెప్పడాన్ని అడ్డుకునే వచనం కాదది. దావీదును చూడు. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజు అభిషిక్తుడని అతని మీద చెయ్యి వేయనన్నాడు. ఏన్గెదీ గుహలో చేతికి చిక్కినా వస్త్రపు చెంగు మాత్రమే కోశాడు. కానీ నోరు మూసుకున్నాడా? బయటికి వచ్చి, సాగిలపడి, "నా తండ్రీ" అని పిలిచి, నువ్వు నాకు చేస్తున్నది అన్యాయమని ముఖం మీదే చెప్పాడు. చెయ్యి ఎత్తకపోవడం వేరు, నోరు ఎత్తకపోవడం వేరు. ఈ తేడా అమ్మకు నెమ్మదిగా చెప్పు. అప్పు సంగతి కూడా ఆవిడతో నువ్వే మాట్లాడాలి. కలిమి కొలదే ఇచ్చినది దేవునికి ఇష్టమని, శక్తికి మించి కాదని, రెండో కొరింథీ 8వ అధ్యాయం 12వ వచనం ఆవిడకు చదివి వినిపించు. కన్నకొడుకు చదివితే వింటుంది.

పాస్టరు గారు చేస్తున్న పద్ధతి తప్పని నేనూ అనుకుంటున్నాను. విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు యేసు ఆమెను లేపి నిలబెట్టలేదు. శిష్యులను దగ్గరికి పిలిచి వాళ్లకు చెప్పాడు. ఆమెకు ఆ సంగతి తెలిసినట్టు కూడా సువార్తలో లేదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నదీ ఆయనే. కాబట్టి నీ బాధలో న్యాయముంది. అయితే న్యాయం మన వైపు ఉన్నప్పుడే చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అప్పుడు చేతిలో ఏమున్నా ఆయుధంలాగే కనిపిస్తుంది. "యథార్థవాది లోకవిరోధి" అని సామెత చెప్పుకుని, నిజం చెబుతున్నాం కదా అని మనిషిని చీల్చేస్తాం. మత్తయి 18లో యేసు చెప్పినది ఒక్కసారి మళ్లీ చదువు. నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, వింటే నీ సహోదరుని సంపాదించుకొంటివి. సంపాదించుకోవడం! వాదనలో గెలిచావని అనలేదు, నీ మాట నెగ్గిందని అనలేదు. మనిషి దక్కాడు అన్నాడు. నువ్వు రాసి ఉంచిన ఆ మెసేజి చదివాక పాస్టరు గారు నీకు దక్కుతారా? ఈ ప్రశ్న వేసుకుంటే ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో నీకే తెలుస్తుంది.

ఆ వచనంలో "గద్దించుము" అన్న మాట మనవాళ్లను కొంత దారి తప్పించింది. వాడుకలో గద్దించడం అంటే కసరడం. అక్కడ మూలంలో ఉన్న మాటకు అర్థం తప్పును తేటగా కనబడేలా చూపించడం. అలాగే గలతీ 6:1. తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసికొని రావాలి అని ఉంది కదా. అక్కడి గ్రీకు క్రియ కటార్టిజో. యాకోబు, యోహాను పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారని మత్తయి రాసిన చోట కూడా అదే క్రియ. మీది సముద్రం ఒడ్డు ఊరు, నీకు ఇది నాకన్నా బాగా తెలుసు. వల బాగుచేసే మనిషి నిలబడి చేయడు. కూర్చుంటాడు, వలను కాళ్ల మీద పరుచుకుంటాడు, ఎక్కడ తెగిందో వేళ్లతో వెతుకుతాడు, ఆ కన్ను దగ్గరే ముడి వేస్తాడు. ఒక్క కన్ను తెగిందని వలంతా చింపడు. రేపు మళ్లీ ఆ వలతోనే వేటకు వెళ్లాలి మరి.

ఎలా వెళ్లాలో నిర్గమకాండం 18వ అధ్యాయం చూపిస్తుంది. మామ అల్లుడి పనిని తప్పుపట్టిన కథ. మన ఇళ్లలో మామ అల్లుణ్ణి తప్పుపడితే ఎంత గొడవవుతుందో నీకు తెలుసు. మోషే మామ యిత్రో వచ్చాడు. క్షేమసమాచారాలు ఒకరినొకరు అడిగారు, గుడారంలోకి వెళ్లారు. మోషే జరిగినదంతా చెబితే మామ సంతోషించాడు, దేవుణ్ణి స్తుతించాడు, అందరూ కలిసి భోజనం చేశారు. మొదటి రోజు విమర్శ ఒక్కటీ లేదు. మర్నాడు మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే చూశాడు. చూశాక కూడా ముందు అడిగాడు: ఎందుకు నువ్వొక్కడివే కూర్చున్నావు? జవాబు పూర్తిగా విన్నాడు. అప్పుడన్నాడు, నువ్వు చేస్తున్న పని మంచిది కాదని. నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారని. మోషే కష్టాన్ని కూడా లెక్కలో వేసుకున్నాడు చూడు. ఆ వెంటనే దారి చూపించాడు: వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క అధికారిని పెట్టు, పెద్దవి నీ దగ్గరికి రానీ. చివర్న, దేవుడు అలా సెలవిస్తేనే అని వదిలేశాడు. మోషే ఆ మాట విని అలాగే చేశాక, మామ తన ఊరికి వెళ్లిపోయాడు.

నువ్వు కూడా అడగడంతో మొదలుపెట్టు. శనివారం రాత్రి వెళ్లకు, ఆదివారం ఆరాధనకు ముందు అసలే వెళ్లకు. ఆ వేళల్లో పాస్టరు గుండె మీద ఎంత బరువుంటుందో పక్కనుండి చూసినదాన్ని. మంగళవారమో బుధవారమో, ఆయన భోంచేసి తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లు. "అయ్యగారూ, పేర్లు చదివే పద్ధతి ఎలా మొదలైంది?" అని అడుగు. జవాబు నిన్ను ఆశ్చర్యపరచవచ్చు. కానుకల డబ్బు లెక్క చెప్పలేదని పాస్టర్ల మీద నిందలు పడటం మన సంఘాల్లో కొత్త కాదు. ఆ భయంతోనే పైసా పైసా మైకులో చదివేవాళ్లు నాకు తెలుసు. అదే కారణమైతే, ఆయన్ను తప్పుపట్టడం కాదు, ఆ భయం తీరే దారి చూపించడం నీ పని. పౌలు కూడా కానుకల విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకుండా జాగ్రత్తపడ్డాడు. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది సంఘమంతటికీ చెప్పవచ్చు. ఎవరెంత ఇచ్చారన్నది రసీదు మీద వాళ్ల చేతికే ఇవ్వవచ్చు. రసీదులు రాసే పని నేను చేస్తానని నువ్వే అను. విమర్శతో పాటు రెండు చేతులు కూడా తీసుకెళితే వినేవాడికి ధైర్యం వస్తుంది.

తర్వాత నువ్వు చూసినది చెప్పు. "అందరూ అనుకుంటున్నారు" అనే మాట నీ నోట రాకూడదు. ఆ మాట వినగానే ఏ పాస్టరైనా ఎవరెవరు అనుకుంటున్నారా అని వెతకడం మొదలుపెడతాడు, అసలు విషయం పోతుంది. అమ్మ ఒప్పుకుంటే అప్పు సంగతి చెప్పు. ఇక్కడే ఆ కాగితంతో పని. వెళ్లే ముందు బైబిల్లోంచి తీసి, నువ్వు రాసిన వాక్యాల్లో ఆయన ముందు కూర్చుని, కళ్లలోకి చూస్తూ చెప్పగలిగినవి ఎన్నో గుర్తుపెట్టుకో. అవే తీసుకెళ్లు. మిగతావి కోపంలో రాసినవి, కొట్టేసి ఆ కాగితం చింపేయి.

చాటున చెప్పడమే ఎప్పుడూ సరి అని నేననడం లేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, భోజనం మానుకుంటే పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. తప్పు బహిరంగం, పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు, అన్యజన విశ్వాసుల గౌరవం అక్కడే పోతోంది. తర్వాతి కాలపు పేతురు పత్రికలో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని ఉంది. అంత నలుగురిలో అన్నా అనుబంధం తెగలేదంటే ఇద్దరిలోనూ ఎంత కృప ఉండాలి!

మన నేలకు సంబంధించిన మాట ఇంకొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తిరునల్వేలి వైపు తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, 35 ఏళ్ల వయసులో అక్కడ నిలబడి పాశ్చాత్య మిషనరీలతో వాళ్ల ముఖం మీదే మాట్లాడారు. మీకూ మాకూ మధ్య స్నేహం లేదు అన్నారు. కరచాలనం, కుర్చీ, విందు, తేనీరు, వీటిని వీటి కోసమే అడగడం లేదు, అవి స్నేహానికి గుర్తులైతే అవన్నీ కావాలి అన్నారు. చివర్న మొదటి కొరింథీ 13వ అధ్యాయాన్ని ఎత్తుకున్నారు. మీరు బీదల కోసం మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చడానికి ఇచ్చారు, ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి.

సభలో కొందరికి ఆ మాటలు మింగుడుపడలేదు. కానీ చూడు బాబూ, ఆయన వాళ్ల త్యాగాన్ని ఒక్క గింజ కూడా తగ్గించలేదు. అది నిజం, దాన్ని నిజమనే చెప్పారు. ఆ నిజం పక్కనే రెండో నిజం పెట్టారు. ఆయన కోరినది వాళ్లు తలదించుకోవాలని కాదు, దగ్గరికి రావాలని. రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరులో, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. మీ పాస్టరు గారి గురించి నువ్వు ఉత్తరంలో ఒక్క మంచి మాట రాయలేదు. సండే స్కూలు నీకు అప్పగించిందీ, వాక్యం చెప్పమని నిన్ను నమ్మిందీ ఆయనే అనుకుంటాను. పొగడమని అనడం లేదు, ఇచ్చకపు మాటలు ఎవరైనా పట్టేస్తారు. ఉన్న మంచిని ఉన్నట్టు చెప్పు.

ఇంకా రెండు వద్దులు. ప్రార్థనలో విమర్శించకు. "ప్రభువా, కానుకలను ప్రదర్శన చేసేవారికి కనువిప్పు కలిగించు" అని మైకులో ప్రార్థిస్తే అది దేవుడికి చెప్పినట్టు కాదు, పాస్టరు గారికి వినబడేలా దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నట్టు. అలాగే ప్రార్థన మనవి పేరుతో ఇంటింటికీ చేరవేయడం కూడా వద్దు. మన సంఘాల్లో ఎంతమంది పరువు ఈ రెండు దారుల్లో పోయిందో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒకరిద్దరి ముఖాలు గుర్తొస్తున్నాయి.

ఆయన వినకపోతే? కోప్పడితే? లేచి వచ్చేయి, జవాబు ఇవ్వకు. కొన్ని వారాలు ఆగు. విత్తనం వేసిన రోజే తవ్వి చూడకూడదు. అప్పటికీ మార్పు లేకపోతే యేసు చెప్పిన రెండో మెట్టు ఉంది, ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లడం. ఆ ఇద్దరిలో ఒకరుగా మాస్టారిని అడుగు. ఆశ్చర్యపోకు. మొహమాటం లేకుండా మాట్లాడగల మనిషి ఆయన, అది ఈపాటికి నీకు తెలిసింది. ఆయన్ను వెంట తీసుకెళ్లే లోపు నలుగురిలో అనకూడదన్న సంగతి మీ ఇద్దరి మధ్యా నడిచి ఉండాలి, అంతే.

ఈ ఉత్తరం చదివే ఇతరుల కోసం ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను చెప్పినదంతా పద్ధతుల గురించి, మాట తీరు గురించి, మనిషి బలహీనతల గురించి. స్త్రీల మీద, పిల్లల మీద అఘాయిత్యం జరిగినా, సంఘం డబ్బు కాజేసినా, "ముందు ఒంటరిగా చెప్పు" అని మత్తయి 18ని బాధితుల నోటికి కట్టకండి. పిల్లల మీద లైంగిక నేరం సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. సంఘం పరువు పోతుందని దాన్ని నొక్కిపెట్టేవాళ్లు క్రీస్తు పేరు కాపాడటం లేదు.

ఇక నువ్వు, బాబూ. పాస్టరు గారి దగ్గరికి వెళ్లకముందే మాస్టారింటికి వెళ్లు. ఆయనతో సమాధానపడకుండా అక్కడికి వెళితే, గుమ్మం దగ్గర దిగిన ముల్లు పాస్టరు గారి ముందు నీ మాటల్లో గుచ్చుకుంటుంది. సాయంత్రం పూట వెళ్లు. ఆ ఆదివారం చెప్పిన సందేశం నోట్సు వెంట తీసుకెళ్లు. నేను చివర్లో చెబుతానన్న మొదటి మాట ఇది: "సార్, మీరన్నది ఇంటికెళ్లి చూసుకున్నాను. ఇందులో ఏది తీసేయాలో, ఏది పెంచాలో చెప్పండి." నోట్సు ఆయన చేతికివ్వు. బడిపంతులుగా బతికిన మనిషి, చేతికి రాత కాగితం వస్తే ముందు కళ్లజోడు వెతుక్కుంటారు, తర్వాత పెన్ను అడుగుతారు. జేబులో ఒక పెన్ను పెట్టుకుని వెళ్లు.